జంట కాకుల ఆఖరి పుస్తకం

అరవై దాటిన మనిషి పిల్లల డిటెక్టివ్ నవలలు ముందేసుకుని కూర్చున్నాడంటే ఎవరికైనా నవ్వొస్తుంది. నవ్వుకోండి. మా ఇంట్లో నవ్వడానికి కూడా ఎవరూ లేరు. ఆర్టీసీ ఆఫీసులో రిటైరయ్యాక బెజవాడ వన్ టౌన్‌లో ఒక ఉల్లిపాయల గోడౌను పైన రెండు గదులు అద్దెకు తీసుకుని ఒక్కణ్ణే ఉంటున్నాను. నా పెళ్ళి రెండేళ్ళు కూడా నిలవలేదు. ఆ గోల ఇక్కడ ఎత్తను. పొద్దున్నే కింద తోపుడుబళ్ళవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటుంటే వింటూ కాఫీ పెట్టుకుంటాను. ఆ తిట్లు నాకు కాకపోయినా మనిషి గొంతు కదా, వినడానికి బాగానే ఉంటుంది.

నేను చదివేవి 'జంట కాకులు' నవలలు. మా చిన్నప్పుడు అద్దె పుస్తకాల కొట్టు ఉన్న ప్రతి ఊళ్ళోనూ అవి దొరికేవి. అరచేతిలో పట్టే పుస్తకం, చవక కాగితం, అట్ట మీద టార్చిలైటు పట్టుకున్న అక్కా తమ్ముడూ. అక్క నీరజ, తమ్ముడు మధు. బెజవాడ సత్యనారాయణపురంలో వాళ్ళ బామ్మ దగ్గర ఉంటారు. ఎక్కడ దొంగతనం జరిగినా పోలీసుల కంటే ముందు అక్కడ వాలిపోయి, దొంగ వీడంటే వీడని ఒకటే వాదించుకుని, ఆ వాదనలోంచే అసలు దొంగని పట్టేస్తారు. ఆ గోలకే వీధివాళ్ళు వాళ్ళకి జంట కాకులని పేరు పెట్టారు.

మా ఇంట్లో కాకులు నేనూ మా అక్క మార్తమ్మానూ. మాది పామర్రు. నాకు ఎనిమిదో ఏట అమ్మ పోయింది. అక్క నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది కాబట్టి ఆ రోజు నుంచి అమ్మా అక్కా ఒకటే అయిపోయారు. నాన్న చర్చి సంఘంలో పెద్ద. నవల అంటే సాతాను చేతిపని అని నమ్మిన మనిషి. అందుకని అక్క ఒక ఎత్తు వేసింది. నల్ల రెక్సినుతో జిప్పు ఉన్న బైబిలు కవరు కుట్టింది. మా వాళ్ళ ఇళ్ళల్లో బైబిలుకి అలాంటి కవరు ఉండటం మామూలే. సాయంత్రం ప్రార్థన అయ్యాక బైబిలు తీసి పక్కన పెట్టి, ఆ కవర్లో కాకుల్ని దూర్చి, లావు చాలడానికి పాటల పుస్తకం కూడా తోసి, వరండాలో కూర్చుని నాకు గుసగుసగా చదివేది. నాన్న అటుగా వెళ్తూ తృప్తిగా తలాడించేవాడు. పోయేదాకా ఆయన మేమిద్దరం పాత నిబంధన కంఠతా పట్టేశామనే అనుకున్నాడు.

ఈ వేసవిలో అక్క కూడా పోయింది. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. పామర్రులోనే కుట్టుమిషను పెట్టుకుని ఊరందరి జాకెట్లూ కుట్టి నన్ను చదివించింది. చివర్లో కిడ్నీలు పాడై మంచాన పడింది. బెజవాడ వచ్చి నా దగ్గర ఉండమంటే, "నీ ఉల్లిపాయల కంపు నేను భరించలేనురా" అని కొట్టిపారేసింది. మంచాన పడ్డాక కూడా ప్రతి ఆదివారం ఫోన్ చేసేది. "ఏరా చిన్న కాకీ, తిన్నావా?" అనేది. తిన్నానంటే ఏం తిన్నావనేది. ఏం తిన్నానో చెప్తే, అది తిండేనా అనేది. అక్కణ్ణుంచి వాదన మొదలు. నా వారం మొత్తంలో నాతో ఎవరైనా పోట్లాడేది ఆ ఒక్కసారే. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు ఏం చేసుకోవాలో నాకు తెలియడం లేదు.

మట్టి చేసే రోజున, పెట్టె మూసే ముందు, పక్కింటి రావమ్మగారు ఆ నల్ల జిప్పు కవరు తెచ్చి నా చేతిలో పెట్టింది. అక్కకి ఆఖరి రోజుల్లో గంజి కాచి పోసింది ఆవిడే.

"మీ అక్క బైబిలు తమ్ముడూ. తనతోపాటు పెట్టమంది. నీ చేత్తోనే పెట్టించమంది. జిప్పు మాత్రం తియ్యొద్దని మరీ మరీ చెప్పింది."

అక్క చేతుల కింద పెట్టాను. అంత లావు బైబిలు తేలిగ్గా ఉన్నట్టనిపించింది. ఆ పూట నాకు కాళ్ళ కింద నేలే సరిగ్గా తెలియడం లేదు, బరువులేం తెలుస్తాయి అనుకున్నాను. పాస్టరుగారు "ఈ సహోదరి దేవుని వాక్యాన్ని గుండెలకి హత్తుకుని వెళ్తోంది" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.

బెజవాడ తిరిగొచ్చాక, ఫోన్ రాని మొదటి ఆదివారం ఇంట్లో ఉండలేక వీధిన పడ్డాను. రెండు సందుల అవతల వెంకటప్పయ్యగారి పాత కాగితాల గోడౌను ఉంది. తూకానికి కొన్న కాగితాల్లోంచి పనికొచ్చే పుస్తకాలు ఏరి గుమ్మం ముందు గుట్ట పోసి అమ్ముతాడు. ఆ గుట్టలో టార్చిలైటు పట్టుకున్న అక్కా తమ్ముడూ కనిపించారు. నిలబడిపోయాను.

"మనవడి కోసమాండీ?" అన్నాడు వెంకటప్పయ్యగారు.

"నాకే."

"మంచిదండీ" అన్నాడాయన, పాపం, ఇంకేమనాలో తెలియక. ఇలాంటివి ఇంకా కావాలని చెప్పి నా నంబరిచ్చాను.

అలా వానాకాలం అంతా ఒక్కొక్కటే పోగేశాను. నిజం చెప్పాలంటే అవేమంత గొప్ప నవలలు కావు. దొంగ ఎవరో మూడో పేజీలోనే తెలిసిపోతుంది. గళ్ళ లుంగీ కట్టుకుని బీడీ కాలుస్తూ మొదట కనపడినవాడే దొంగ. రచయితగారికి కృష్ణ ఎటు పారుతుందో కూడా అనుమానమే, ఒక పుస్తకంలో పడవ బందరు నుంచి బెజవాడకి కొట్టుకుపోతుంది. చిన్నప్పుడు ఇవే చదువుతూ దుప్పట్లో వణికిపోయాం. ఇప్పుడు చదువుతుంటే ప్రతి పేజీలోనూ ఒక వెక్కిరింత తోస్తుంది. అది చెప్పడానికి తల ఎత్తుతాను. ఎదురుగా గోడ ఉంటుంది. నాకు నవలల మీద కంటే ఆ గోడ మీదే ఎక్కువ కోపం వచ్చేది.

అన్నీ దొరికాయి గానీ ఆఖరిది దొరకలేదు. దాని పేరు 'లంకలో లాంతరు'. నాకు నిజంగా కావలసింది అదే. ఎందుకంటే ఆ పుస్తకం మీద అక్కకీ నాకూ యాభై ఏళ్ళ పైబడిన తగవు ఉంది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు టైఫాయిడ్ వచ్చింది. మంచం మీద పడి ఉన్న నాకు అక్క ఆ పుస్తకం చదివి వినిపించింది. కృష్ణ మధ్య లంకలో దొంగల్ని పట్టుకున్నాక వచ్చే ముగింపు నాకిప్పటికీ అప్పజెప్పినట్టు వస్తుంది. 'ఇద్దరూ లాంతరు పట్టుకుని ఇంటికొచ్చారు. బామ్మ బొమ్మిడాయిల పులుసు వండి పెట్టింది. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు. ఇంక ఎప్పుడూ ఒకళ్ళనొకళ్ళు వదిలి ఎక్కడికీ వెళ్ళలేదు.' జ్వరం తగ్గి బడికి వెళ్తే మా క్లాసు జాన్‌బాబు వేరే చెప్పాడు. అదంతా కాదు, ఆఖర్లో అక్క రైలెక్కి పోతుంది, తమ్ముడొక్కడే మిగిలిపోతాడు అన్నాడు. వాణ్ణి కొట్టాను. వాడు నన్ను ఇంకా గట్టిగా కొట్టాడు. ఇంటికొచ్చి అక్కని అడిగితే, "జాన్‌బాబుకి చదవడం రాదురా" అని తేల్చేసింది.

పుస్తకం చూపించమంటే మాత్రం చూపించలేదు. అద్దె కొట్టువాడికి ఇచ్చేశానంది. వాడి దగ్గర లేదంటే ఎలకలు కొట్టేశాయంది. పెద్దయ్యాక ఊరికే ఉడికించడానికి, "జాన్‌బాబు చెప్పిందే నిజమేమోనే పెద్ద కాకీ" అనేవాణ్ణి. "చదివింది నేనా వాడా? నోర్మూసుకో" అనేది. ఆస్పత్రి మంచం మీద కూడా అదే మాట అంది. తగవు తీరకుండానే మనిషి వెళ్ళిపోయింది. ఆ పుస్తకం దొరికితే కనీసం మా మధ్య ఒక్క మాటైనా పూర్తవుతుందని నా ఆశ.

దసరా ముందు పామర్రు ఇంటి ఓనరు ఫోన్ చేసి, ఇల్లు ఖాళీ చేసిపెడితే వేరేవాళ్ళకి ఇచ్చుకుంటానన్నాడు. వెళ్ళాను. ఖాళీ చెయ్యడానికి ఏముంది? కుట్టుమిషను పాస్టరుగారి చర్చికి, మంచం రావమ్మగారికి. గుడ్డ పీలికల మూటలు మాత్రం ఒక్కొక్కటే విప్పి చూశాను. ఊళ్ళో ఆడవాళ్ళందరి జాకెట్ల ముక్కలూ ఉన్నాయి, అక్కవి తప్ప. చివర్న బియ్యం డబ్బా మిగిలింది. పురుగు పట్టకముందే వాడుకోమని ఆ బియ్యం రావమ్మగారి చేటలోకి ఒంపుతుంటే, మధ్యలో పాలిథిన్ సంచిలో చుట్టిన మూట ఒకటి దభీమని పడింది.

విప్పితే అక్క బైబిలు. అమ్మ పేరున్న అసలు బైబిలు. కవరు లేదు.

జంట కాకుల మొదటి పుస్తకంలో పోయిన హారం దొరికేది బియ్యం డబ్బాలోనే. నాకు నవ్వొచ్చింది. బైబిలు ఇక్కడుంటే అక్క గుండెల మీద కవర్లో ఉన్నదేమిటి? అంత తేలిగ్గా ఎందుకుంది? జిప్పు ఎందుకు తియ్యొద్దంది? ఎలకలు కొట్టేసిన పుస్తకం ఎక్కడుందో నాకు తెలిసిపోయింది. బైబిలు బయట ఉంటే కవర్లో ఏముందని ఎవరైనా అడుగుతారు కాబట్టి దాన్ని దాచింది. అదీ ఎవరికీ దొరకని చోట కాకుండా, నేను చూడగానే పోల్చుకునే చోట దాచింది. సంఘ పెద్ద కూతురు, ఊరంతా ఆమెన్ అంటుండగా, డిటెక్టివ్ నవల గుండెలకి హత్తుకుని సమాధిలోకి వెళ్ళింది. పెట్టినవాణ్ణి నేనే.

నేల మీద కూర్చుని కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాను.

"ఏంటి తమ్ముడూ, ఏమైంది?" అంది రావమ్మగారు కంగారుగా.

ఏం చెప్పను? ఆవిడకి చెప్తే బెంగపెట్టుకుంటుంది. పాస్టరుగారికి తెలిస్తే ఉపవాస ప్రార్థన పెడతారు. ఈ సంగతి విని పడీపడీ నవ్వే మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉండేది. ఆలోచించకుండానే ఫోన్ తీశాను. 'పెద్ద కాకి' అన్న పేరు మీద వేలు పెట్టాక గుర్తొచ్చింది. అక్కని మట్టి చేసిన రోజున కూడా నాకు అంత ఒంటరిగా అనిపించలేదు. నవలల్లో అయితే ఇలాంటప్పుడు లోపల ఒక చీటీ దొరుకుతుంది. బైబిలు తిరగేసి దులిపాను. ఏమీ రాలలేదు.

బస్సులో వస్తూ అక్కని తిట్టుకున్నాను. వాదనలో ఓడిపోతానని సాక్ష్యమే ఎత్తుకుపోయావా అని. ఇదొక వేళాకోళం, చిన్న కాకికి వదిలిన ఆఖరి కేసు, అంతే అనుకున్నాను. పరిష్కరించేశానని కొంచెం గర్వపడ్డాను కూడా.

అది వేళాకోళం కాదని ఇంటికొచ్చి మళ్ళీ పుస్తకాలు పట్టుకున్నాక తెలిసింది. వెంకటప్పయ్యగారి గుట్టలో దొరికిన ఒక కాకుల పుస్తకంలో మధు ఒక దొంగ వెనకాల చేపల మార్కెట్‌లోకి వెళ్తాడు. ఆ వాసనకి కడుపులో తిప్పి, దొంగని వదిలేసి బయటికొచ్చి వాంతి చేసుకుంటాడు. ఇంటికెళ్తే బామ్మ నెత్తిన నీళ్ళు గుమ్మరించి గానీ లోపలికి రానివ్వదు. ఇంతకుముందు ఆ పేజీ చదివి ముందుకెళ్ళిపోయాను. ఈసారి అక్కడే ఆగాను. అన్ని పుస్తకాలూ మళ్ళీ తిరగేశాను. బామ్మ మడి కట్టుకుని వండుతుంది. దప్పళం, పనసపొట్టు కూర, పులిహోర. ఎక్కడా నీచు మాట లేదు. ఆ ఇంట్లో వెల్లుల్లి కూడా పడనివ్వరు.

అలాంటి బామ్మ చేపలు ముట్టుకుని బొమ్మిడాయిల పులుసు ఎలా వండింది?

బొమ్మిడాయిల పులుసు మా అమ్మ వండేది. అక్క తర్వాత నేర్చుకుని వండేది. టైఫాయిడ్ పథ్యంలో మూలుగుతూ నేను రోజూ ఏడ్చి అడిగింది అదే. ఆ ముగింపు పుస్తకంలోది కాదు. మార్తమ్మది. కళ్ళు పుస్తకం మీద పెట్టుకుని, చదువుతున్నట్టే తన కథ చెప్పింది. జంట కాకుల్ని మా కంచం ముందు కూర్చోబెట్టింది. యాభై ఏళ్ళలో నేను దాన్ని లక్షసార్లు తలుచుకున్నాను, చేపల దగ్గర నాకు అనుమానమే రాలేదు. పులుసు తినే ఇంట్లో పుట్టినవాడికి ఎందుకొస్తుంది?

ఇంకొకటి కూడా అప్పుడే గుర్తొచ్చింది. నాకు జ్వరమొచ్చిన ఆ ఏడే అక్కకి గుంటూరు నర్సు ట్రైనింగులో సీటొచ్చింది. వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదని మా మేనత్త ఎన్నిసార్లడిగినా, సూది చూస్తే భయమత్తయ్యా అనేది. జీవితమంతా సూది పట్టుకుని బతికిన మనిషి.

ఆ తర్వాత రెండు మూడు రోజులు నాకు ఏదీ చదవబుద్ధి కాలేదు. అక్క నాకు తెలియాలనుకున్నది పుస్తకం ఎత్తుకుపోయిన సంగతే. అబద్ధం సంగతి కాదు. తన తర్వాత ఇల్లు సర్దేది నేనే కదా, పుస్తకం నా చేతికి దొరికేది కదా. అందుకే అంత పని చేసింది. అలాంటప్పుడు నేను ఆ పుస్తకం కోసం వెతకొచ్చా?

సరిగ్గా అప్పుడే వెంకటప్పయ్యగారు ఫోన్ చేశాడు. "సార్, మీ లాంతరు దొరికిందండీ. అట్ట లేదు గానీ లోపలంతా ఉంది."

వద్దందామనుకున్నాను. నోరు మాత్రం వస్తున్నానంది. పుస్తకం తెచ్చుకుని బల్ల మీద పెట్టాను. దాని ఎదురుగా ఆ గదిలో కూర్చోలేకపోయాను. జేబులో వేసుకుని బస్టాండుకి వెళ్ళి బందరు బస్సెక్కాను. తెరిచేదేదో అక్క దగ్గరే తెరుద్దామనుకున్నాను. కంకిపాడు దాకా ఆగాను. ఉయ్యూరు చెరకు లారీల వెనక బస్సు ఆగిపోయింది. అక్కడ ఇంక ఆగలేక ఆఖరి పేజీ తిప్పాను.

జాన్‌బాబుకి చదవడం వచ్చు.

నీరజకి మద్రాసులో చదువుకోవడానికి సీటు వస్తుంది. బెజవాడ స్టేషన్లో రైలు కదులుతుంది. తమ్ముడు ఏడవకుండా చెయ్యి ఊపుతాడు. రచయితగారు, ఆ కృష్ణ ఎటు పారుతుందో తెలియని మనిషి, ఆ ఒక్క చోట మాత్రం బాగా రాశాడు. 'మధు లాంతరు తీసుకుని ఇంటికి నడిచాడు. దారి పొడుగునా అతనితో వాదించడానికి ఎవరూ లేరు.' అంతే. దాని కింద సమాప్తం.

పక్క సీట్లో ఆడమనిషి, "ఏమండీ, ఒంట్లో బాలేదా?" అని అడిగింది. బాగానే ఉందమ్మా అన్నాను. అప్పటికి అక్క పద్దెనిమిదేళ్ళ పిల్ల. అమ్మ పోయి ఏడాది. మంచం మీద జ్వరంతో తమ్ముడు. ట్రంకు పెట్టెలో గుంటూరు నుంచి వచ్చిన సీటు కాగితం. ఆ పిల్ల ఈ పేజీకి వచ్చి ఎంతసేపు ఆగిందో నాకు గుర్తులేదు. ఆగే ఉంటుంది. తర్వాత నాకు పులుసు కథ చెప్పింది. చెప్పి ఊరుకోకుండా, చెప్పినట్టే ఊళ్ళో ఉండిపోయింది. నాకు ఆవిడ మీద ప్రేమా కోపమూ రెండూ ఒక్కసారే వచ్చాయి. వెళ్ళాల్సింది అక్కా, నేనూ చెయ్యి ఊపేవాణ్ణే కదా అనిపించింది. ఊపేవాణ్ణి కాదు. గొంతు చించుకుని ఏడ్చేవాణ్ణి. అది ఆవిడకి తెలుసు.

పామర్రులో దిగి సమాధుల తోటకి నడిచాను. చుట్టూ వరి పొట్ట మీదుంది. అక్క సమాధికి వేసిన సున్నం అప్పుడే కాస్త నల్లబడింది. పక్కన నాన్న, అమ్మ. నాన్నకి ఎంత దగ్గరలో నవల పెట్టించుకుందో తలుచుకుంటే మళ్ళీ నవ్వొచ్చింది. అక్క సమాధి గట్టు మీద కూర్చున్నాను. ఎవరూ లేరని అటూ ఇటూ చూసుకున్నాను.

"పెద్ద కాకీ, బియ్యం డబ్బా కేసు పట్టేశాను. నీ దొంగతనం తెలిసిపోయింది. పాస్టరుగారికి చెప్పలేదులే."

గాలికి వరి కదిలింది. జేబులో పుస్తకం మీద చెయ్యి పెట్టుకున్నాను.

"లంకలో లాంతరు కూడా దొరికిందే. వేరే కాపీ. ఇప్పుడే బస్సులో ఆఖరి పేజీ చదివాను." గొంతు సరిచేసుకున్నాను. "నువ్వు చెప్పిందే రైటు. ఇద్దరూ ఇంటికే వచ్చారు. బామ్మ బొమ్మిడాయిల పులుసు వండింది. ఒకే కంచంలో తిన్నారు. జాన్‌బాబుకి చదవడం రాదు."

యాభై ఏళ్ళలో నేను ఓడిపోయానని ఒప్పుకోవడం అదే మొదటిసారి. అక్క ఉంటే, చెప్పానా, అని ఎగిరి గంతేసేది. కొంచెంసేపు ఆగాను, ఏమైనా అంటుందేమోనని. తర్వాత లేచి, ప్యాంటుకి అంటిన సున్నం దులుపుకుని, బస్టాండు వైపు నడిచాను.